హైకోర్టు తీర్పు మీకు పనికొస్తుందా? వకీలు దగ్గరికి పోయేముందు ఇలా చూసుకోండి

హనుమకొండ అదాలత్ దగ్గర ఒక వకీలు ఆఫీసులో గుమాస్తాగా పని చేస్తున్నాను. పొద్దున్నే వచ్చేవాళ్లలో సగం మంది ముందు ఫైలు తీయరు, ఫోను తీస్తారు. వాట్సాప్‌లో వచ్చిన వార్త చూపించి "హైకోర్టు చెప్పిందంట, మనకు కూడా వస్తది కదా" అని అడుగుతారు. ఆ వార్త చాలాసార్లు నిజమే అయి ఉంటుంది. కాకపోతే ఆ తీర్పు వేరేవాళ్ల కేసులో, వేరే తేదీల మీద, వేరే కాగితాల మీద వచ్చింది. అది మీ కాగితాలకు అతుకుతుందో లేదో చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది, అందులో చాలా భాగం ఇంట్లో కూర్చుని మీరే చేసుకోవచ్చు. భూమి తగాదా అయినా, జీఎస్టీ నోటీసు అయినా, పెన్షన్ కోత అయినా పద్ధతి ఒకటే. ఓపిగ్గా చదవండి, మీ కోసమే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటి పని అసలు తీర్పు కాపీ సంపాదించడం. వార్తలో కేసు నంబరు సాధారణంగా ఉండదు గానీ జడ్జి పేరు, తేదీ, ఏ శాఖ మీద వేశారు అనేవి ఉంటాయి. ఆ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. తెలంగాణ హైకోర్టు వెబ్‌సైట్‌లో కేసు నంబరు మీద, పార్టీ పేరు మీద, వకీలు పేరు మీద కూడా వెతకొచ్చు. ఈ-కోర్ట్స్ యాప్ ఫోన్లో వేసుకుంటే మన జిల్లా కోర్టు కేసులు కూడా దొరుకుతాయి. ప్రతి కేసుకూ 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఒకటి ఉంటుంది, అది ఉంటే చాలు, మిగతావన్నీ అదే చూపిస్తుంది. ఇండియన్ కానూన్ అనే సైట్‌లో తీర్పులు ఉచితంగా చదవొచ్చు. వీటిలో దేనికీ ఎవరికీ డబ్బు కట్టాల్సిన పని లేదు.

ఈ మధ్య కొత్త ఇబ్బంది ఒకటి వచ్చింది. కొందరు ఏఐ చాట్‌బాట్‌ను అడిగి తీర్పుల పేర్లు రాసుకొస్తున్నారు. అవి చూడడానికి అచ్చం తీర్పుల్లాగే ఉంటాయి, పేరు, సంవత్సరం, పేజీ నంబరు అన్నీ ఉంటాయి, వెతికితే మాత్రం కొన్ని అసలు ఉండవు. కాపీ చేతికి రానిదాన్ని తీర్పు అని నమ్మకండి, దాని మీద ఆధారపడి ఏ జవాబూ రాయకండి.

కాపీ దొరికాక పైన ఉన్న కేసు నంబరు చూడండి, అది ఏ రకం కేసో అందులోనే ఉంటుంది. డబ్ల్యూపీ అంటే రిట్ పిటిషన్, ప్రభుత్వం మీదో అధికారుల మీదో వేసేది. డబ్ల్యూఏ అంటే ఆ రిట్ మీద అప్పీలు, ఇద్దరు జడ్జీలు వింటారు. సీఆర్పీ అంటే కింది సివిల్ కోర్టు ఇచ్చిన ఆర్డర్ మీద రివిజన్. ఏఎస్ మొదటి అప్పీలు, ఎస్‌ఏ రెండో అప్పీలు. ఐటీటీఏ అంటే ఇన్‌కం ట్యాక్స్ ట్రిబ్యునల్ ఆర్డర్ మీద వచ్చిన అప్పీలు. సీసీ అని ఉంటే కోర్టు ధిక్కారం కేసు. మన ఆఫీసుల్లో సర్టిఫైడ్ కాపీని కూడా సీసీ అనే అంటాం కాబట్టి కలగాపులగం కాకుండా చూసుకోండి.

ఇప్పుడు తీర్పును చివరి పేజీ నుంచి చదవండి.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, పరకాల వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు, ఒక ఆఫీసులో అటెండర్‌గా చేసి రిటైరయ్యాడు. ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన జిరాక్స్, మడత దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. "హైకోర్టులో గెలిచిన బిడ్డా, రెండేండ్లయింది, ఇప్పటికీ పైసలు ఇస్తలేరు" అన్నాడు. కాగితం విప్పి చూస్తే మూడు పేజీలే. చివరి పేరాలో ఉన్నదేంటంటే, కేసు బాగోగుల్లోకి వెళ్లకుండా, పిటిషనర్ పెట్టుకున్న దరఖాస్తును అధికారులు పరిశీలించి చట్టప్రకారం ఆరు వారాల్లో తగిన ఉత్తర్వులు ఇవ్వాలి అని. ఆయన దాన్ని గెలుపు అనుకున్నాడు, ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు. ఆ ఆఫీసు ఏడో వారంలోనే "పరిశీలించాం, మీకు రాదు" అని మెమో పంపింది. ఆ మెమో కూడా అదే కవర్లో ఉంది, తెరవలేదు, చింపిన గుర్తు కూడా లేదు. సవాలు చేయాల్సింది ఆ మెమోను. రెండేళ్లు ఊరికే పోయాయి.

కాబట్టి చివరి పేరాలో ఏ మాట ఉందో వేలు పెట్టి వెతకండి. 'పరిశీలించండి' అని ఉంటే మీకు హక్కు ఉందని కోర్టు చెప్పినట్టు కాదు, జవాబు ఇవ్వమని మాత్రమే చెప్పినట్టు. 2008లో సి.జేకబ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయం స్పష్టంగా చెప్పింది, ఎప్పుడో గడువు దాటిపోయిన కోరికకు ఇలాంటి 'పరిశీలించండి' ఆర్డర్ మళ్లీ ప్రాణం పోయదు. 'రద్దు చేస్తున్నాం, మళ్లీ విచారించండి' అని ఉంటే ఆఫీసరు కొత్తగా మొదలుపెడతాడు, ఈసారి అదే నిర్ణయం రావొచ్చు కూడా. 'చెల్లించండి' అని, దానికి గడువు కూడా ఉంటేనే అది మీరనుకునే గెలుపు. 'మధ్యంతర ఉత్తర్వు' అంటే కేసు ఇంకా నడుస్తోందని అర్థం. ఇక 'ఈ కేసు ప్రత్యేక పరిస్థితుల్లో', 'దీన్ని ఉదాహరణగా తీసుకోరాదు' అనే మాటలు కనిపిస్తే ఆ తీర్పు ఆ ఒక్క మనిషికే, మీరు దాని మీద ఆశ పెట్టుకోకండి.

తర్వాత ఆ తీర్పు ఇంకా నిలబడి ఉందో లేదో చూడాలి. 2025 సెప్టెంబర్ 9న మన హైకోర్టులో ఒక జడ్జి గ్రూప్-1 మెయిన్స్ మార్కుల జాబితా, ర్యాంకుల జాబితా రద్దు చేసి పేపర్లు మళ్లీ దిద్దమన్నారు. 563 పోస్టులు. ఆ రోజు రాత్రి హాస్టళ్లలో, కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్ రూముల్లో ఎవరికి నిద్ర పట్టింది? వచ్చినవాళ్లకు ఒక రకం టెన్షన్, రానివాళ్లకు ఇంకో రకం ఆశ. సెప్టెంబర్ 24న ఇద్దరు జడ్జీల బెంచి ఆ తీర్పును సస్పెండ్ చేసింది. మధ్యలో ఉన్నది పదిహేను రోజులే. మొదటి వార్త చూసినవాళ్లందరూ రెండోది చూసి ఉండరు, ఆ మొదటి వార్త ఫోన్లలో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అందుకే తీర్పు తేదీ తర్వాత ఏం జరిగిందో చూడండి. అదే పార్టీల పేర్లతో డబ్ల్యూఏ ఏదైనా పడిందా అని హైకోర్టు సైట్‌లో, సుప్రీంకోర్టుకు పోయిందా అని సుప్రీంకోర్టు సైట్‌లో వెతకండి. రిట్ అప్పీలుకు గడువు 30 రోజులు, సుప్రీంకోర్టుకు మామూలుగా 90 రోజులు, ఆలస్యమైనా మాఫీ అడిగే వీలుంది, ప్రభుత్వం చాలాసార్లు ఆలస్యంగానే పోతుంది. అంటే తీర్పు వచ్చిన వారానికే పండుగ చేసుకోవద్దు.

ఏ కోర్టు తీర్పు అనేది కూడా అంతే ముఖ్యం. మన రాష్ట్రానికి విడిగా హైకోర్టు 2019 జనవరి 1 నుంచి నడుస్తోంది. అంతకుముందు ఉమ్మడి హైకోర్టు ఇచ్చిన తీర్పుల్ని ఇక్కడ పాతవి అని పక్కన పెట్టరు, అవీ చెల్లుతాయి. ఇద్దరు జడ్జీల బెంచి చెప్పింది ఒక్క జడ్జి పాటించాలి. బాంబే హైకోర్టు, ఢిల్లీ హైకోర్టు చెప్పింది మన జడ్జి గౌరవంగా చూస్తారు గానీ పాటించి తీరాలని లేదు. ఇన్‌కం ట్యాక్స్ వాళ్లకు ఇది బాగా అనుభవం. పాత అసెస్‌మెంట్ తిరగదోడే నోటీసు ఫేస్‌లెస్ పద్ధతిలో (మనిషి ఎదురుపడకుండా ఆన్‌లైన్‌లో) కాకుండా స్థానిక అధికారి ఇస్తే చెల్లదని 2023 సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు అంది, 2024 మేలో బాంబే హైకోర్టు కూడా అదే దారిలో పోయింది, ఢిల్లీ హైకోర్టు మాత్రం చెల్లుతుందంది. ఒకే చట్టం, ఒకే రకం నోటీసు. ఆపైన పార్లమెంటు చట్టాన్ని వెనక తేదీ నుంచి మార్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, అది ఒక్కోసారి మనకు మేలు కూడా చేస్తుంది. జీఎస్టీలో 2017-18 నుంచి 2020-21 వరకు రిటర్నులు ఆలస్యంగా వేసినందుకు ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుకు వచ్చే మినహాయింపు) పోగొట్టుకున్న వ్యాపారులకు, 2021 నవంబర్ 30 లోపు వేసి ఉంటే చాలని 2024లో సెక్షన్ 16కి కొత్త ఉపసెక్షన్ కలిపారు. అప్పటిదాకా దాని మీద నడిచిన ఎన్నో కేసులకు ఆ ఒక్క మార్పే జవాబైంది. అందుకే తీర్పుతో పాటు ఇవాళ్టి చట్టం ఏముందో కూడా మీ ఆడిటర్‌ను తప్పకుండా అడగండి.

ఇప్పటిదాకా తీర్పు సంగతి. ఇక మీ సంగతి.

ఒక తెల్ల కాగితం తీసుకోండి, నిలువుగా గీత కొట్టి ఎడమ పక్క తేదీలు, కుడి పక్క ఏం జరిగింది అని రాయండి. నోటీసు మీద ఉన్న తేదీ ఒకటి, అది మీ చేతికి వచ్చిన తేదీ ఇంకొకటి, రెండూ రాయాలి. పోస్టు కవర్లు పారేయకండి, దాని మీద ఉన్న ముద్రే మీ సాక్ష్యం. ఈ పని చేసేటప్పుడే చాలామందికి తెలుస్తుంది, తీర్పు కంటే ముందు చూసుకోవాల్సింది గడువు అని.

జీఎస్టీలో దీని దెబ్బ ఘోరంగా ఉంటుంది. ఎనుమాముల మార్కెట్ దగ్గర దుకాణం నడిపే ఒకాయన సంగతి చెప్తాను. లెక్కలు చూసే అబ్బాయి మధ్యలో మానేశాడు, పాస్‌వర్డ్ ఆ అబ్బాయి దగ్గరే ఉండిపోయింది, మెయిల్ ఐడీ కూడా ఆ అబ్బాయిదే. నోటీసు, రిమైండరు, ఆర్డరు మూడూ పోర్టల్‌లో పడ్డాయి, ఈయన ఒక్కటీ చూడలేదు. బ్యాంకు ఖాతా ఆగిపోయిన రోజు తెలిసింది. మిర్చి సీజన్, రైతులకు డబ్బులు ఇవ్వాల్సిన సమయం, ఆయన మా ఆఫీసు బెంచీ మీద కూర్చుని ఖాతాలో కనిపిస్తున్న బ్యాలెన్స్‌నే మళ్లీ మళ్లీ చూసుకుంటున్నాడు. ఆర్డర్ వచ్చి అప్పటికి ఐదు నెలలు. అప్పీలుకు చట్టం ఇచ్చేది మూడు నెలలు, కారణం చూపిస్తే ఇంకో నెల. అంతే, ఆ తర్వాత అప్పీలు అధికారికి కూడా మాఫీ చేసే అధికారం లేదు. అప్పుడు హైకోర్టుకు పోదాం అంటారు అందరూ. 2020 మేలో కాకినాడ అసిస్టెంట్ కమిషనర్ వర్సెస్ గ్లాక్సో కేసులో, ఉమ్మడి రాష్ట్రం వ్యాట్ వ్యవహారంలోనే, సుప్రీంకోర్టు ఏమందంటే అప్పీలు గడువు పూర్తిగా దాటిపోయాక రిట్ రూపంలో వస్తే మామూలుగా వినకూడదు అని. తలుపు పూర్తిగా మూసుకుపోలేదు గానీ చాలా సన్నబడింది.

ఆ సన్నని సందులో హైకోర్టులు ఏ కారణాల మీద జీఎస్టీ ఆర్డర్లు కొట్టేస్తున్నాయో తెలుసుకుంటే మీ ఆర్డర్లో అవి ఉన్నాయా అని చూసుకోవచ్చు. మొదటిది వ్యక్తిగత విచారణ. సెక్షన్ 75(4) ప్రకారం మీరు అడిగినా, మీకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకోబోతున్నా పిలిచి వినాలి. మీ నోటీసులో విచారణ తేదీ దగ్గర గీత కొట్టి ఉందా, 'ఎన్ఏ' అని ఉందా చూడండి, ఉంటే అది పెద్ద పాయింటు. రెండోది సంతకం. అధికారి సంతకం గానీ డిజిటల్ సంతకం గానీ లేని ఆర్డర్లను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తెలంగాణ హైకోర్టు రెండూ రద్దు చేశాయి. మూడోది నోటీసు ఎక్కడ పెట్టారు అన్నది. పోర్టల్‌లో మామూలు నోటీసుల ట్యాబ్‌లో కాకుండా 'అడిషనల్ నోటీసెస్ అండ్ ఆర్డర్స్' అనే ట్యాబ్‌లో పడేసిన కేసుల్లో ఢిల్లీ, మద్రాస్ హైకోర్టులు చాలామందికి మళ్లీ అవకాశం ఇచ్చాయి. నాలుగోది, మీరిచ్చిన జవాబు గురించి ఆర్డర్లో ఒక్క ముక్క కూడా లేకపోవడం. అయితే ఇవన్నీ గెలిచినా పన్ను పోయినట్టు కాదు, మళ్లీ విచారణకు పంపుతారు, అప్పుడు లెక్కలు చూపించాల్సింది మీరే. అందుకని బిల్లులు, ఈ-వే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఇప్పుడే ఒక చోట పెట్టుకోండి. గడువు ఇంకా ఉంటే మాత్రం రిట్ ఆలోచన పక్కన పెట్టి అప్పీలే వేయండి, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందు కట్టాలి. ఆ అప్పీలులోనూ ఓడితే పైమెట్టుగా జీఎస్టీ అప్పీలు ట్రిబ్యునల్ 2025 సెప్టెంబర్‌లో ప్రారంభమైంది, మనకు బెంచి హైదరాబాద్‌లోనే. ఇవాళే ఒక పని చేయండి, ఈ పేజీ మూసేలోపే. పోర్టల్లోకి వెళ్లి రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోన్ నంబరు, మెయిల్ మీదేనా చూసుకోండి.

ఉద్యోగులు, రిటైరైనవాళ్లు ముందు ఏ తలుపు తట్టాలో చూసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇప్పుడు విడిగా పరిపాలనా ట్రిబ్యునల్ లేదు, నేరుగా హైకోర్టుకే పోవాలి. కాజీపేటలో రైల్వే ఉద్యోగి అయినా, పోస్టాఫీసులో చేసినా ముందు హైదరాబాద్‌లోని క్యాట్‌కు, అంటే కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు పోవాలి, దాని మీదే హైకోర్టు. సింగరేణి కార్మికుడి తొలగింపు లాంటి గొడవలకు గోదావరిఖని లేబర్ కోర్టు ఉంది. ఈ తేడా తెలియక హైకోర్టులో వేసి, ఏడాది తర్వాత 'మీరు రావాల్సింది ఇక్కడికి కాదు' అనిపించుకున్నవాళ్లు ఉన్నారు.

ఎక్కువమంది వచ్చేది రికవరీ నోటీసుతో. 'మీకు పొరపాటున ఇంక్రిమెంటు ఎక్కువ ఇచ్చాం, తిరిగి కట్టండి' అని, అదీ రిటైరయ్యే నెలలో, గ్రాట్యుటీ బిల్లు మీద. దీనికి అందరూ చెప్పే తీర్పు పంజాబ్ రాష్ట్రం వర్సెస్ రఫీక్ మసీహ్, సుప్రీంకోర్టు, 2014 డిసెంబర్ 18. అందులో ఐదు సందర్భాలు చెప్పారు, మీరు వాటిలో ఎక్కడున్నారో చూసుకోండి. మూడో, నాలుగో తరగతి ఉద్యోగుల నుంచి వసూలు చేయకూడదు. రిటైరైనవాళ్ల నుంచి, ఏడాదిలో రిటైరయ్యేవాళ్ల నుంచి వసూలు చేయకూడదు. వసూలు ఆర్డర్‌కు ముందు ఐదేళ్లకు మించి ఆ డబ్బు ఇస్తూ వచ్చి ఉంటే చేయకూడదు. పై పోస్టు పని చేయించుకుని దాని జీతం ఇచ్చి ఉంటే చేయకూడదు. వసూలు చేయడం మరీ అన్యాయంగా, భరించలేనంతగా ఉండే సందర్భాల్లోనూ చేయకూడదు. ఇంతవరకు అందరికీ తెలుసు, తెలియంది ఏంటంటే 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసు. అందులో ఆ అధికారి కొత్త స్కేలు తీసుకునేటప్పుడే 'ఎక్కువొస్తే తిరిగి కడతాను' అని రాసిచ్చాడు, కాబట్టి కట్టాల్సిందే అన్నారు. మీరు పీఆర్సీ (జీతాల సవరణ) ఫిక్సేషన్ అప్పుడు పెట్టిన సంతకాల్లో అలాంటి అండర్‌టేకింగ్ ఉందేమో సర్వీస్ రిజిస్టర్ తిరగేసి చూడండి, ఇవతలి వకీలుకు ముందే చెప్పండి, దాచొద్దు. అవతలి ప్రభుత్వ ప్లీడరు ఎలాగూ తీస్తాడు. తప్పు మీది కాదని, మీరేదీ దాచలేదని చూపించే కాగితం ఉంటే అదీ పెట్టండి.

పెన్షన్ తక్కువ వస్తోంది అనేవాళ్లకు ఒక ఊరట ఉంది. అది నెలనెలా జరిగే నష్టం కాబట్టి ఆలస్యమైందని మొత్తం కొట్టేయరు, కానీ బకాయిలు మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్లవే ఇస్తారు, 2008 తర్సేమ్ సింగ్ తీర్పు నుంచి ఇదే లెక్క. మీరు వాయిదా వేసే ప్రతి నెలా ఒక నెల బకాయి పోతుందన్నమాట. తోటివాళ్లకు వచ్చిన తీర్పు మనకూ వర్తిస్తుందా అంటే, అవే పరిస్థితులుంటే వర్తింపజేయాలనే సుప్రీంకోర్టు 2014లో అంది, కానీ వాళ్లు పోరాడుతుంటే గట్టు మీద నిలబడి చూసి చివర్లో వచ్చేవాళ్లకు కాదు అని కూడా అదే తీర్పులో ఉంది. కాంట్రాక్టు ఉద్యోగుల రెగ్యులరైజేషన్ సంగతి ఇంకా చిక్కు. నియామక పద్ధతి పాటించకుండా చేరినవాళ్లు రెగ్యులరైజేషన్‌ను హక్కుగా అడగలేరన్న 2006 ఉమాదేవి తీర్పు ఒక పక్క, ఏళ్ల తరబడి పని చేయించుకుని తాత్కాలికం అనడం తప్పన్న 2024 డిసెంబర్ జగ్గో తీర్పు ఇంకో పక్క. మన హైకోర్టు 2024 నవంబర్‌లో కాంట్రాక్టు ఉద్యోగులను రెగ్యులర్ చేసే జీవో 16ను కొట్టేసింది గానీ అప్పటికే రెగ్యులర్ అయినవాళ్లను కదిలించలేదు. కాబట్టి మీ నియామకం ఎలా జరిగింది, నోటిఫికేషన్ ఉందా, మంజూరైన పోస్టు మీదేనా, రోస్టర్ (రిజర్వేషన్ల వరుస) పాటించారా అన్న కాగితాలే మీ కేసు. నియామక ఉత్తర్వు పోతే ఆర్టీఐ కింద అడిగి తీసుకోండి.

భూమి దగ్గరికి వద్దాం, నాకు మనసు ఎక్కువగా లాగేది ఇక్కడే. దేశంలో ఏ సివిల్ కోర్టుకు పోయినా ఇంజంక్షన్ దావాలో (అవతలివాడు అడ్డం రాకుండా ఆపమని అడిగే దావా) వినిపించే తీర్పు ఒకటి మన వరంగల్ మట్టెవాడ స్థలాల మీద వచ్చిందని చాలామందికి తెలియదు. అనాతుల సుధాకర్ వర్సెస్ పి.బుచ్చిరెడ్డి, సుప్రీంకోర్టు, 2008 మార్చి 25. పక్కపక్కన రెండు ఖాళీ స్థలాలు, ఒకటి 110 గజాలు, ఇంకొకటి 187. ఒక అన్న తన చెల్లెకు పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చాడని, ఆమె దగ్గర 1968లో రిజిస్ట్రీ చేయించుకున్నామని ఒక పక్షం. అదే అన్న దగ్గర 1977లో కొన్నానని ఇంకో పక్షం. 1978లో వరంగల్ మున్సిఫ్ కోర్టులో ఇంజంక్షన్ దావా పడింది. కింది కోర్టులో గెలుపు, అప్పీలులో ఓటమి, హైకోర్టులో మళ్లీ గెలుపు, ముప్పై ఏళ్లకు సుప్రీంకోర్టులో దావా కొట్టివేత. ఎందుకు? హక్కు మీదే వివాదం ఉన్నప్పుడు వట్టి ఇంజంక్షన్ అడిగితే సరిపోదు, హక్కు ప్రకటించమని డిక్లరేషన్ అడగాలి, ఖాళీ స్థలం అయితే స్వాధీనం కూడా హక్కును బట్టే తేలుతుంది అని. హక్కు సంగతి మేం తేల్చలేదు, కావాలంటే డిక్లరేషన్ దావా వేసుకోండి అని చెప్పి పంపారు. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ మొదటికి.

మీ ఇంట్లో కూడా పసుపు కుంకుమ కింద ఆడబిడ్డకు ఇచ్చిన జాగా ఉండొచ్చు. కాబట్టి దావా వేసేముందు మీ వకీలును సూటిగా ఒకటే అడగండి, 'అవతలివాడు హక్కు తనదంటున్నాడా, లేక ఊరికే అడ్డం వస్తున్నాడా?' హక్కు తనదని కాగితం చూపిస్తుంటే డిక్లరేషన్ కలపాలి, దానికి గడువు మీ హక్కును కాదన్న రోజు నుంచి మూడేళ్లు. అవతలివాడి కబ్జాలో ఉన్నదాన్ని హక్కు మీద తిరిగి తీసుకునే దావాకు పన్నెండేళ్లు. కోర్టు ఫీజు ఎక్కువవుతుందని డిక్లరేషన్ వదిలేయమంటే ఒప్పుకోకండి.

సాదా బైనామా, అంటే రిజిస్ట్రీ లేకుండా తెల్లకాగితం మీద భూమి కొన్న రైతులకు విడిగా ఒక మాట. 2020 నవంబర్‌లో హైకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ఆగిపోయిన క్రమబద్ధీకరణ దరఖాస్తులకు 2025 ఆగస్టులో దారి తెరుచుకుంది. దాంతో చాలామంది 'కోర్టు పట్టా ఇమ్మంది' అనుకుంటున్నారు. కోర్టు ఎవరికీ పట్టా ఇవ్వలేదు, అడ్డు తీసింది. 2014 జూన్ 2కు ముందు తెల్లకాగితం మీద కొన్న సన్న, చిన్నకారు రైతులు, 2020లో ఆ గడువులోనే దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు, వాళ్లకే ఇది. ఆనాటి మీసేవ రసీదు, అసలు కాగితం, పాత పహాణీలో సాగు కాలమ్‌లో పేరున్న నకలు, గట్టు పక్క రైతుల మాట, ఇవి సిద్ధం చేసుకోండి. తెల్లకాగితాన్ని లామినేషన్ మాత్రం చేయించకండి, దాన్ని పరీక్షించాల్సి వస్తే ఇబ్బంది అవుతుంది.

ఇవన్నీ చూసుకున్నాక వకీలు దగ్గరికి పోండి. తేదీల కాగితం పైన, దాని కింద మీకొచ్చిన నోటీసు లేదా ఆర్డర్ కవరుతో సహా, దాని కింద మీరిచ్చిన జవాబులు రసీదులతో, చివర్న మీరు నమ్ముకున్న తీర్పు కాపీ. తీర్పులో మీకు అతికిన పేరా పక్కన పెన్సిల్‌తో గీత, అతకని పేరా పక్కన కూడా గీత. రెండోది మరవకండి, మంచి వకీలు ముందు దాన్నే చదువుతాడు. డబ్బు లేదని ఆగిపోకండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, ఆదాయం తక్కువున్న మిగతావాళ్లకూ ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెప్తారు. హైకోర్టులో వేయాల్సిన కేసుకు అక్కడ విడిగా కమిటీ ఉంది.

మీ కేసులోనే ఆర్డర్ వస్తే పని అయిపోయిందనుకోకండి. ఆన్‌లైన్ కాపీతో తృప్తి పడకుండా సర్టిఫైడ్ కాపీకి వెంటనే దరఖాస్తు పెట్టండి, అప్పీలు గడువు లెక్కలో ఆ కాపీ తయారవడానికి పట్టిన రోజులు తీసేస్తారు, ఆలస్యంగా పెడితే ఆ లాభం మీకు రాదు. కాపీ రాగానే ఒక కవరింగ్ లెటర్ రాసి, ఆర్డర్ అమలు చేయాల్సిన అధికారి ఆఫీసు ఇన్‌వార్డ్‌లో ఇచ్చి ముద్ర, తేదీ వేయించుకోండి, ఇంకొకటి స్పీడ్ పోస్టులో పంపండి. గడువు చాలాసార్లు ఆ అధికారికి ఆర్డర్ అందిన రోజు నుంచి లెక్క పెడతారు, కాబట్టి ఆ ముద్రే మీ గడియారం. ఆ గడువు దాటినా కదలకపోతే కోర్టు ధిక్కారం కేసు వేయొచ్చు, దానికి ఏడాదే సమయం. అధికారులు 'ఫైలు పైన ఉంది, వచ్చే వారం' అంటూ ఆ ఏడాది తిప్పగలరు. పదకొండో నెల వచ్చేదాకా ఆగకండి, గడువు ముగిసిన మరుసటి వారమే ఒక గుర్తుచేసే లెటర్ పెట్టి, దానికీ ముద్ర వేయించుకుని, ఆ నకలు తీసుకుని మీ వకీలును కలవండి.